ఎడమ కాలు, ఎడమ చెయ్యి

జూన్ 9

మాటలపుట్టా,

నీ పార్సిలు నిన్న మధ్యాహ్నం చేరింది. విప్పేదాకా మీ అత్తయ్య నా పక్కనే నిలబడింది. లోపల చెప్పులో, చేతిసంచో ఉంటుందని ఆవిడ ఆశ. తీరా చూస్తే అట్టపెట్టె, పెట్టెలో రంపపు పొట్టు, పొట్టులో వెల్లకిలా పడుకున్న సీసపు సిపాయిలు. "రిటైరైంది మీరు, మతి పోయింది మీ మేనకోడలికి" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎందుకు పంపావో నాకు తెలియదనుకోకు. మీ అత్తయ్య నీకు చాటుగా ఉత్తరం రాసిన సంగతి నాకు తెలుసు. పొద్దున్నే మెట్ల మీద ఈల ఊదుతున్నానని, పాలవాడి చేత "వెనక్కి తిరుగు" చేయించానని, పై అంతస్తు ప్లీడరుగారి పొట్ట గురించి లిఫ్టులో ఆయన ముందే మాట్లాడానని రాసి ఉంటుంది. అన్నీ నిజాలే. పాలవాడు చాలా బాగా తిరుగుతాడన్న నిజం మాత్రం రాసి ఉండదు.

స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా నేను నోరు తెరిస్తే మైదానమంతా మడమలు కలిపేది. ఇంట్లో నేను నోరు తెరిస్తే మీ అత్తయ్య రేడియో గొంతు పెంచుతుంది. నన్ను "సార్" అనేవాడు లేడు. మొన్న బ్యాంకులో ఒకమ్మాయి "సార్, మీరు తప్పు లైన్లో నిలబడ్డారు" అంది. మొదటి మాటకే పొంగిపోయి మిగతాది వినలేదు. గంటసేపు అక్కడే నిలబడ్డాను.

సరే, వచ్చినవాళ్లని వెళ్లిపొమ్మనలేం కదా. భోజనాల బల్ల మీద వరసగా నిలబెట్టి తనిఖీ చేశాను. ఎర్ర కోటు, తెల్ల ప్యాంటు, నెత్తిన బొచ్చు టోపీ. ఒకడి కన్ను చెంప మీదికి జారింది. మీసాలు ఎవరికీ సరిగా లేవు. అవన్నీ క్షమించాను. కానీ అందులో ఒకడున్నాడు చూడు! ఎడమ కాలు ముందుకేసి ఎడమ చెయ్యే ముందుకి ఊపుతున్నాడు. మిగతా అందరూ ఎడమ కాలికి కుడి చెయ్యి ఊపుతుంటే వీడు గాలికి కొట్టుకునే తలుపురెక్కలా ఒకే పక్కకి పోతున్నాడు. వాణ్ణి చూస్తే నా పళ్లు జివ్వుమన్నాయి. తీసుకెళ్లి మేజోళ్ల సొరుగులో పడేశాను.

ఫోను చెయ్యకు. ఫోన్లో నువ్వు మధ్యమధ్యలో నవ్వుతావు. ఉత్తరమైతే నువ్వు నవ్వినా నాకు వినబడదు.

రిటైరైనా వంగని మీ మామయ్య

జూన్ 20

మామయ్యకి,

మడమలు కలిపి, గడ్డం పైకెత్తి, ఈ నమస్కారం.

మీ ఉత్తరం హాస్టలు మెట్ల మీద కూర్చుని చదివాను. బ్యాంకు దగ్గర నవ్వాను. మీకు వినబడలేదు కదా.

ఆ పెట్టె మా కాలేజీ వెనక పాత సామాన్ల కొట్లో దొరికింది. కొట్టాయన వాళ్లని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు. ఒకప్పుడు కోటలు పట్టినవాళ్లు, చివరికి పాత పత్రికల కట్టలకి కాపలా! నాకు ఏడుపొచ్చినంత పనైంది. "శిథిలం" అనే మాట ఈమధ్యే నాకు బాగా నచ్చింది, పలుకుతుంటేనే ఏదో రాలిపోతున్నట్టుంటుంది, కానీ వాళ్లు శిథిలం కాదు మామయ్యా. ఇంకా నడుస్తూనే ఉన్నారు. చెట్టు వదిలేసినా రంగు వదలని ఆకుల్లా, గాయకుడు వెళ్లిపోయినా గదిలో తిరిగే పాటలా, ఇంకా ఏదో ఒకదానిలా. పేజీ చివరికొచ్చేలోపు తట్టితే రాస్తాను.

పోగుచెయ్యడం మొదలుపెట్టేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు ఉన్నాయట. మా చరిత్ర లెక్చరరుగారిని అడిగాను. కనబడ్డ బొమ్మనల్లా తెచ్చుకోకూడదు, ఒక కాలమో ఒక సైన్యమో ఎంచుకుని దాన్నే పట్టుకుని ఉండాలి. లేకపోతే అల్మరా నిండుతుంది తప్ప బుర్ర నిండదు. అవి సీసం కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. మీరు అన్నం తినే బల్ల మీద నిలబెట్టారు, అత్తయ్యకి ఈ వాక్యం చూపించకండి. తేమ తగలనివ్వద్దు. ఆ అట్టపెట్టె పారెయ్యద్దు, పెట్టె ఉన్న సైన్యానికి ఉన్న గౌరవం పెట్టె లేనిదానికి ఉండదట.

మీ ఊళ్లోనే, బస్టాండు వీధిలో, ఫ్యాన్ల కొట్టు పైన, ఇలాంటి బొమ్మలు పోగుచేసేవాళ్ల సంఘం ఉందట. దానికి పెద్ద మా లెక్చరరుగారి స్నేహితుడే. వెళ్లి కలవండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త, దాన్ని మరిస్తే మిగతావన్నీ మరిచినట్టే, ఏమిటంటే... అయ్యో, కాగితం అయిపోయింది. ఆకుల దగ్గర ఎక్కువ ఖర్చుపెట్టేశాను. ఈసారి రాస్తాను.

మీ మేనకోడలు

జూలై 1

మాటలపుట్టా,

నీ ఉత్తరంలో ఆకులు ఎక్కువ, కాయలు తక్కువ. అయినా సంఘానికి వెళ్లాను.

ఫ్యాన్ల కొట్టు పక్కన ఇరుకు మెట్లు. పైన ఒక పొడుగు గది, గది నిండా అద్దాల బీరువాలు, బీరువాల నిండా సైన్యాలు. పెద్దమనిషిని అందరూ "కమాండరుగారూ" అంటారు. ఆ కింద కొట్టు ఆయనదే. జీవితంలో చేసిన యుద్ధమంతా కరెంటాఫీసుతోనే. పళ్ల డాక్టరు ఒకడున్నాడు, ఆయన "మేజరు". అక్కడ ఉన్నవాళ్లలో ఒక్కడూ ఒక్క రోజు కూడా ఎండలో నిలబడి ఉండడు. ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు మాత్రం సార్, సార్, సార్! వినడానికి ఎంత హాయిగా ఉందనుకున్నావు.

అందరికీ జేబు మీద ఇత్తడి బ్యాడ్జీ ఉంది. నాకు అది కావాలి. నీ దగ్గర దాపరికం ఎందుకు, దాన్ని చూడగానే నాకు నోరూరింది. సభ్యత్వం ఎలా ఇస్తారని అడిగితే, కమాండరు తన ముక్కు మీదుగా నన్ను కిందికి చూసి, "మా ఎవరి దగ్గరా లేని బొమ్మ ఒక్కటి తెచ్చినవాడికే" అన్నాడు. "నా దగ్గర ఎర్రకోట్లవాళ్లు ఉన్నారు సార్" అన్నాను. "ఎర్రకోట్లవాళ్లు మా చిన్నమ్మాయి ఆడుకునే డబ్బాలో కూడా ఉన్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. పళ్ల డాక్టరు కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

మేజోళ్ల సొరుగులో ఉన్నవాడి గురించి నేనెక్కడా నోరెత్తలేదులే. ఇంటి గుట్టు బయట చెప్పుకుంటామా?

ఆ బ్యాడ్జీ వస్తే ప్రతి ఆదివారం నేను ఇంట్లో ఉండనని మీ అత్తయ్యకి చెప్పాను. పెళ్లయినప్పటి నుంచి అంత ఆనందం ఆవిడ మొహంలో చూడలేదు. కాబట్టి ఇద్దరికోసం ఏదైనా ఆలోచించు.

మామయ్య

జూలై 8

మామయ్యకి, ఈసారి నమస్కారం ఎగిరి గంతేస్తూ!

మీరు గుట్టు అన్నదాన్ని నేను రట్టు చేసేశాను. మేజోళ్ల సొరుగులో ఉన్న మనవాడి గురించి లెక్చరరుగారితో అన్నాను. ఎడమ కాలు, ఎడమ చెయ్యి అన్నానో లేదో ఆయన కుర్చీలోంచి లేచారు. లేవడం అంటే మామూలుగా కాదు, పాలు పొంగినట్టు, పావురం ఎగిరినట్టు, నిద్రపోయే ఊరి మీద గంట మోగినట్టు! కళ్లజోడు ఒక వైపు, సుద్దముక్క ఒక వైపు. అంతటి మనిషి అలా లేవడం ఎవరూ చూడలేదట. వెంటనే ఆఫీసు గదిలోకి పరిగెత్తి మీ కమాండరుగారికి ఫోను చేశారు.

కమాండరుగారు పదిహేనో తారీఖు ఉదయం మీ ఇంటికి వస్తున్నారు! వాణ్ణి చూడాలి, వాణ్ణొక్కణ్ణే చూడాలి అన్నారట. మీ సభ్యత్వం ఇక పూర్తిగా వాడి మీదే ఆధారపడి ఉంది. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు కదా, మీలాంటి అనుభవజ్ఞులకి!

"అనుభవజ్ఞుడు" అని ఎంత బాగుందో చూడండి. నోట్లో కొంచెంసేపు ఉంచుకుని అప్పుడు పలకాల్సిన మాట.

ఆనందంలో అక్షరాలు వంకరపోతున్న
మీ మేనకోడలు

జూలై 14

ఏమే,

నీకేమైనా బుద్ధుందా? నేను పరువు కోసం దాచుకున్నవాణ్ణి తీసుకెళ్లి ఊరందరి ముందూ నిలబెడతావా? మీ లెక్చరరు కోపంతో కుర్చీలోంచి లేచాడంటే ఆశ్చర్యమేముంది. నా మైదానంలో ఎవడైనా అలా నడిస్తే నేనూ లేచేవాణ్ణి.

ఇన్‌స్పెక్టరు ఎలా వస్తాడో నాకు తెలియదా? మైదానమంతా వదిలేసి, ఎక్కడ తప్పుందో అక్కడికే తిన్నగా నడుస్తాడు. ముందే ఎవరో చెవిలో ఊది ఉంటారు. నా సొంత మేనకోడలే ఊదుతుందని మాత్రం అనుకోలేదు.

అయినా భయపడకు. నేనుండగా పరువు పోదు. సరిచేసేశాను.

పాత రేడియో బాగుచేసిన సోల్డరింగ్ ఐరన్ ఉంది కదా, దాన్ని వేడిచేసి భుజాల దగ్గర అతుకు కరిగించాను. మీ అత్తయ్య కనుబొమ్మలు సవరించుకునే పట్టకారుతో చేతులు రెండూ తీసి, సక్రమమైన దిశలో మళ్లీ అతికించాను. ఎడమ కాలికి కుడి చెయ్యి. ఆహా! ప్రాణం లేచొచ్చింది. కోటు రంగు కాస్త పెచ్చులూడింది. అలా ఊడిన కోటుతో తనిఖీకి ఎవణ్ణైనా నిలబెడతామా? ఉత్తరాల డబ్బాకి వేసిన ఎర్ర రంగు అడుగున మిగిలి ఉంది. రెండు పూతలు వేశాను. ఇప్పుడు నిగనిగలాడుతున్నాడు. మీసం కూడా దిద్దాను.

వాడు మెరుస్తుంటే మిగతావాళ్లు బిచ్చగాళ్లలా కనబడ్డారు. వాళ్లకీ వెయ్యబోతుంటే మీ అత్తయ్య డబ్బా లాక్కుంది. అన్నం తినే బల్ల నెత్తుటి మడుగులా ఉందట.

రేపే వస్తున్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించాను. నువ్వు చేసిన ద్రోహం నా శ్రమతో కప్పిపుచ్చాను. బ్యాడ్జీ వచ్చాక నిన్ను క్షమిస్తాను.

మామయ్య

జూలై 14

మామయ్యా,

నిన్న పడుకోబోతుంటే ఒక్కసారి భయమేసింది, అందుకే తెల్లారగానే రాస్తున్నాను. వాణ్ణి ముట్టుకోకండి. రంగు వెయ్యకండి. చెయ్యి కదపకండి. ఆ తప్పు వల్లే వాడికి విలువ. ఫ్యాక్టరీలో ఎవరో పరధ్యానంలో చేతులు తారుమారు చేసి అతికించారు. తర్వాత తెలుసుకుని దిద్దుకున్నారు. ఆ తప్పుతో బయటికొచ్చినవాళ్లు ప్రపంచంలో ఒకరో ఇద్దరో ఉన్నారు. పాత రంగు చెరిపితే, చెయ్యి తిప్పితే, వాడు మామూలు సీసం ముక్క.

ఆ రోజు కాగితం చాలక రాయలేదే, ముఖ్యమైన జాగ్రత్త, అది ఇదే. పోస్టుడబ్బా దగ్గరికి పరిగెడుతున్నాను.

జూలై 19

మాటలపుట్టా,

నీ పొట్టి ఉత్తరం పద్దెనిమిదిన వచ్చింది. నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ రాసినవాటిలో అదొక్కటే అర్థమైంది. ఆలస్యంగా అర్థమైంది.

కమాండరు పదిహేనున వచ్చాడు. చేతిలో భూతద్దం, భుజాన తోలుసంచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏడీ వాడు?" అన్నాడు.

"ఎవరు సార్?"

"ఎడమచేతివాడు మాస్టారూ! నాతో ఆటలాడకండి, రాత్రంతా నిద్రపోలేదు నేను."

"అలాంటివాడు నా దగ్గర ఎవడూ లేడు సార్. అందరూ సక్రమంగా ఉన్నారు, చూసుకోండి" అని బల్ల చూపించి, నేను కూడా సావధాన్‌లో నిలబడ్డాను.

ఆయన ఒక్కొక్కణ్ణే అద్దంలో చూసుకుంటూ వచ్చాడు. మనవాడి దగ్గర ఆగాడు. ఎత్తి పట్టుకున్నాడు. బొటనవేలికి ఎర్రగా అంటింది. ఆ వేలి వంక చూశాడు, నా వంక చూశాడు. నేను మెచ్చుకుంటాడేమోనని చిన్నగా నవ్వాను కూడా. ఆయన సోఫాలో కూలబడ్డాడు.

"ఎంత పని చేశారు మాస్టారూ..." ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో.

మీ అత్తయ్య నీళ్లు పట్టుకొచ్చి, "ఎవరైనా పోయారా అన్నయ్యగారూ?" అంది.

"పోయాడమ్మా" అన్నాడు.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. నేను విన్నాను. విని, చివరికి ఒకటే అడిగాను: తప్పు నడిచేవాడికి గౌరవమేమిటి, సరిగ్గా నడిచేవాళ్లు చిన్నమ్మాయి ఆటడబ్బాలో ఉండటమేమిటి? "మీకు అర్థం కాదు" అని లేచి వెళ్లిపోయాడు.

మెట్లు సగం దిగి మళ్లీ ఎక్కొచ్చాడు. తలుపు తనే వేశాడు. ఆగస్టులో వాళ్లు పెట్టే ప్రదర్శనకి ఆహ్వానాలు అప్పుడే అచ్చయిపోయాయట. వాటి మీద మనవాడి సంగతే పెద్ద అక్షరాల్లో వేయించాడట. పక్క ఊళ్ల సంఘాలవాళ్లు కూడా వస్తున్నారట. "చేతులు ఎలా ఉండేవో మళ్లీ అలాగే పెట్టెయ్యండి. కొంచెం మసి పులమండి. అద్దం పెట్టెలో పెడతాం, ఎవరూ ముట్టుకోరు. ఈ గదిలో మాట ఈ గదిలోనే. బ్యాడ్జీ మీ జేబుకి నేనే పెడతాను" అన్నాడు.

ఆలోచించి చెబుతానన్నాను. నువ్వు చరిత్ర చదువుకుంటున్నదానివి. చెప్పు, ఏం చెయ్యమంటావు? బ్యాడ్జీ సంగతి పక్కన పెట్టి చెప్పు. లేదా పక్కన పెట్టకుండానే చెప్పు.

మామయ్య

జూలై 27

మామయ్యకి,

మీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. ఇది మోసం అని పెద్ద అక్షరాలతో ఒక పేజీ రాశాను. మంచి పేజీ. తర్వాత లెక్చరరుగారు పిలిచి, ప్రదర్శనలో మనవాడి పక్కన పెట్టే చీటీ నన్నే రాయమన్నారు. అచ్చు వేయిస్తారట! నా మాటలు మామయ్యా, అచ్చులో!

ఆ తర్వాత ఇంకొంచెం లోతుగా ఆలోచించాను. చేతులు మొదట ఎలా ఉండేవో అలా పెడితే అది మోసం ఎలా అవుతుంది? ఉన్నదాన్ని ఉన్న చోటికి తేవడమే కదా. "పునరుద్ధరణ" అనే గంభీరమైన మాట అందుకోసమే పుట్టింది. మీరు మధ్యలో రెండు వారాల పాటు వాణ్ణి బాగుచేశారు, అంతే. చరిత్రలో రెండు వారాలెంత?

చీటీ ఇలా రాశాను: "పరధ్యానపు క్షణం ఒకటి సీసంలో గడ్డకట్టి నిలిచెను. మానవ హస్తము మరల తాకని తొలి రంగులో, తొలి పొరపాటులో, ఈ ఒంటరి సైనికుడు కాలమునకు ఎదురు నడచుచున్నాడు." ఎలా ఉంది? "నడచుచున్నాడు" దగ్గర నాకే ఒళ్లు జలదరించింది.

పెట్టెయ్యండి మామయ్యా. బ్యాడ్జీ రోజు నాకు పరీక్ష ఉంది, రాలేను. కానీ నా మాటలు అక్కడ ఉంటాయి.

మీ మేనకోడలు

ఆగస్టు 18

అమ్మాయ్,

మొన్న ప్రదర్శన అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎవరైనా వచ్చి నీకు వేరేలా చెప్పకముందే.

నువ్వు చెప్పినట్టే చేశాను. సోల్డరింగ్ ఐరన్ మళ్లీ వేడిచేశాను. సరిగ్గా నడుస్తున్నవాణ్ణి పట్టుకుని నా చేతులతో నేనే వంకర నడక నేర్పడం! మీ అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి, "ఇన్నాళ్లూ లోకాన్ని సరిచేశారు, ఇప్పుడు వడ్డీతో తిరిగిచ్చేస్తున్నారు" అంది. కోటు మీద బూటుపాలిష్ రుద్ది, పొయ్యి వెనక మసి అద్దాను. మెరుపు పోయింది. వాడిదీ పోయింది, నాదీ పోయింది.

హాలు కిక్కిరిసింది. అద్దం పెట్టెలో మనవాడు, పక్కన నీ చీటీ. జనం వరసకట్టి భూతద్దాల్లోంచి చూస్తూ "అసలు రంగండీ, ఇలాంటిది ఇప్పుడు రమ్మన్నా రాదు" అంటున్నారు. బూటుపాలిష్ వాసన నా దాకా వస్తోంది. కమాండరు మైకులో నన్ను పిలిచాడు. బ్యాడ్జీ పెట్టాడు. "మాస్టారు గారు" అనలేదు, "సార్" అన్నాడు, అందరూ విన్నారు. చెప్పొద్దూ, ఆ నిమిషంలో మసీ పాలిష్ అన్నీ మరిచిపోయాను.

తర్వాత సభ్యులందరూ బ్యాండు పాట పెట్టుకుని హాలు చుట్టూ కవాతు చేస్తారట. అది వాళ్ల ఆనవాయితీ. ముందు కమాండరు, వెనక మిగతావాళ్లు. కొత్తవాణ్ణి కాబట్టి నన్ను వేదిక మీద నిలబడి చూడమన్నారు. అదే వాళ్లు చేసిన తప్పు.

అమ్మాయ్, అది కవాతు కాదు. రేషన్ షాపు తలుపు తీసినప్పుడు జరిగేది. ఒకడి మడమ ఒకడు తొక్కుతున్నాడు. అన్నిటికన్నా ముందు ఆ కమాండరు! గర్వంతో బిగుసుకుపోయి, ఎడమ కాలితో ఎడమ చెయ్యి, కుడి కాలితో కుడి చెయ్యి. వెనక పళ్ల డాక్టరు కూడా అంతే. ఒక చుట్టు ఓర్చుకున్నాను. బ్యాడ్జీని చేత్తో పట్టుకుని రెండో చుట్టు ఓర్చుకున్నాను. నువ్వు నమ్ము నమ్మకపో, గొంతు నాది కాదు, దానంతటదే లేచింది.

"ఆ...గు!"

హాలంతా ఆగిపోయింది. టీ కప్పులు పట్టుకున్నవాళ్లు కూడా మడమలు కలిపారు.

"ఏమిటి మాస్టారూ ఇది?" అన్నాడు కమాండరు. చూశావా, సార్ అప్పుడే పోయింది.

"మీరు ఎడమ కాలితో ఎడమ చెయ్యి ఊపుతున్నారండీ. చూడలేకపోతున్నాను" అన్నాను. మర్యాదగానే అన్నాను. కొంచెం పెద్దగా అన్నానేమో.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్క ఊరివాళ్లు నవ్వారు. ఆయన మొహం ఎర్రకోటు రంగుకొచ్చింది. "నాకు నడక నేర్పడానికొచ్చారా? ముందు మీవాణ్ణి నేర్చుకోమనండి! అదిగో అద్దంలో, ఊరందరి ముందూ వంకర నడక నడుస్తున్నది ఎవరండీ? మీ చేతి కింద సిపాయే కదా! మీరేం డ్రిల్లు మాస్టారు!"

నన్ను దొంగ అననీ, మోసగాడు అననీ, పడతాను. నా చేతి కిందవాడు తప్పు నడిచాడంటే పడతానా?

"నా సిపాయా? నేను సరిచేశాను వాణ్ణి! చక్కగా, సక్రమంగా, రెండు పూతల రంగేసి మరీ నిలబెట్టాను! మళ్లీ చెయ్యి తిప్పించి, మసి పూయించి వంకరగా నడిపించింది మీరు! నేను కాదు!"

వెంటనే ఎవడో నీ చీటీ గట్టిగా చదివాడు, "మానవ హస్తము మరల తాకని" అని. ఇక చూడు, నవ్వులు. అద్దం తీసి మనవాడి కోటు మీద వేలితో గీశారు. అడుగున ఉత్తరాల డబ్బా బయటపడింది.

అక్కడికక్కడే సమావేశం పెట్టి నన్ను తీసేశారు. కమాండరుని తియ్యలేదు. గది ఆయనది కదా. బ్యాడ్జీ అడిగారు, ఇచ్చేశాను. అంత కష్టపడి తెచ్చుకున్నది నా జేబు మీద ఒక టీ చల్లారేంతసేపు కూడా లేదు.

మీ అత్తయ్య అడక్కుండానే కాఫీ పెట్టిచ్చింది. అదే భయంగా ఉంది.

మామయ్య

ఆగస్టు 26

మామయ్యా,

ఇక్కడికీ తెలిసింది. లెక్చరరుగారు నాతో మాట్లాడటం లేదు. క్లాసులో నన్ను "మానవ హస్తం" అంటున్నారు. ఎవరైనా నా కలం తీసుకోబోతే "మరల తాకకుము" అని పక్కవాళ్లు అరుస్తున్నారు.

నాకు అచ్చులో పేరు కావాలి, మీకు జేబు మీద ఇత్తడి ముక్క కావాలి. మనిద్దరికీ సరిపోయే మాట నేను వెతికిపెట్టాను, పునరుద్ధరణ అని. చాలా అందమైన మాట. ఇప్పుడు దాన్ని చూస్తే మొహం తిప్పుకుంటున్నాను.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. మీరు ఎలా ఉన్నారు? నిజంగానే అడుగుతున్నాను. మిగతా సిపాయిల్ని ఏం చేశారు? వదిలేస్తారా?

మీ మేనకోడలు

సెప్టెంబరు 6

మాటలపుట్టా,

వదిలెయ్యడమా? ఇప్పుడే కదా మొదలుపెట్టింది. గోడకి చిన్న చెక్క వేయించి మనవాళ్లని దాని మీదికి మార్చాను. భోజనాల బల్ల మీ అత్తయ్యకి తిరిగి దక్కింది. ఎడమచేతివాడి చేతులు రెండుసార్లు కరిగాయి, మూడోసారి సరిచెయ్యబోతే ఇక ఎటూ నిలవలేదు, ఊడిపోయాయి. చేతుల్లేకుండానే చివర నిలబెట్టాను. కాళ్లు సరిగ్గానే వేస్తున్నాడు.

ప్రదర్శన నుంచి రాగానే ఈల సొరుగులో పడేశాను. నాలుగు రోజులు మెట్లు కూడా దిగలేదు. పాలవాడు పాలుపోసి, తనంతట తనే వెనక్కి తిరిగి, నేను చూశానా లేదా అని ఒకసారి వెనక్కి చూసి వెళ్లాడు. నేను తలుపు వేసుకున్నాను.

అయిదో రోజు పొద్దున్న బెల్లు మోగింది. చూస్తే పళ్ల డాక్టరు. కాళ్లకి కొత్త కాన్వాసు బూట్లు. సంఘం తరఫున తిట్టడానికొచ్చాడనుకుని, "కానివ్వండి" అన్నాను.

"ఇన్నేళ్ల నుంచి ఆ హాల్లో నడుస్తున్నానండీ" అన్నాడు. "నా చెయ్యి తప్పని ఒక్కడూ చెప్పలేదు. వాళ్లకి కనబడదో, కనబడినా చెప్పరో. ఇంట్లో అద్దం ముందు నడిచి చూసుకున్నాను. నిజమే. ఎంత ప్రయత్నించినా అలాగే వస్తోంది. మీరు... వీలుంటే..."

"మేజరుగారికి నేను నేర్పడమేమిటి లెండి" అన్నాను. కొంచెం బెట్టు చెయ్యాలి కదా.

"ఆ మేజరు అక్కడండీ" అన్నాడు.

లోపల్నుంచి మీ అత్తయ్య, "ఇంకా నిలబడి మాట్లాడతారేం? ఆయన్ని కిందికి తీసుకెళ్లండి, వంట కావాలి నాకు" అంది. ఈల తనే తెచ్చి చేతిలో పెట్టింది.

కింద కార్లు పెట్టుకునే చోట, ఇంకా ఎవరూ లేవలేదు. డాక్టరుని గోడ దగ్గర నిలబెట్టి నడవమన్నాను. వచ్చాడు. ఎడమ కాలు, ఎడమ చెయ్యి. కుడి కాలు, కుడి చెయ్యి. గంజిపెట్టిన చొక్కాని తాడు మీద ఆరేస్తే ఎలా ఊగుతుందో అలా. అరవడానికి నోరు తెరిచాను. తెరిచి, మూశాను. ఇదే కదా అంతమంది వరసకట్టి చూసింది, నీ లెక్చరరు కుర్చీలోంచి లేచింది, కమాండరు రాత్రంతా నిద్రపోనిది. ఇందులో ఏముందో నేనూ ఒకసారి చూద్దామని, ఒక చుట్టు పూర్తిగా, కళ్లు ఆర్పకుండా చూశాను.

ఏమీ లేదే. వట్టి తప్పు నడక.

అప్పుడు అరిచాను. పై అంతస్తులో ప్లీడరుగారి కిటికీ తెరుచుకుంది. డాక్టరు ఉన్న చోటే ఆగి, మడమలు రెండూ కలిపి, "సార్!" అన్నాడు.

మామయ్య